డ్రమ్ముల దగ్గర మనిషి మారితే
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ఇవాళ మీరు వినబోయే సంగీతంలో పాడేవాళ్లు ఉండరు. సాహిత్యం లేదు, పల్లవీ చరణాలూ లేవు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు, అంతే. ముందు వరసలో ఉన్న పెద్దవాళ్లకి సౌండ్ మరీ ఎక్కువైతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి, తగ్గిస్తాం. పిల్లలు చెయ్యెత్తినా పెంచం. (నవ్వులు)

యానిమల్స్ యాజ్ లీడర్స్ అని అమెరికాలో ఒక బ్యాండ్ ఉంది. ఇన్‌స్ట్రుమెంటల్ ప్రోగ్రెసివ్ మెటల్ అంటారు వీళ్లు వాయించేదాన్ని, అంటే పాట లేకుండా, చిక్కు లెక్కలతో నడిచే భారీ రాక్ సంగీతం. 2014 మార్చిలో వీళ్ల మూడో ఆల్బమ్ వచ్చింది, 'ది జాయ్ ఆఫ్ మోషన్'. రెండో ఆల్బమ్‌కీ మూడోదానికీ మధ్య డ్రమ్మర్ మారాడు. గిటారిస్టులు ఇద్దరూ వాళ్లే. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. గాయకుడు లేని బ్యాండులో డ్రమ్మర్ మారడమంటే వెనకాల కూర్చున్న ఒకాయన వెళ్లి ఇంకొకాయన రావడం కాదు. గిటార్ మీద ఏం రాయాలన్న ఆలోచనే మారిపోతుంది. ఈ ఆల్బమ్ వచ్చినప్పుడు అందరూ గిటార్ల గురించే మాట్లాడారు. నా లెక్కలో ఇది డ్రమ్ముల ఆల్బమ్.

బ్యాండ్ ఎలా మొదలైందో చెప్పకుండా ముందుకెళ్తే పేర్లన్నీ కలగాపులగం అయిపోతాయి. టోసిన్ అబాసీ అనే ఆయన 1983లో వాషింగ్టన్ డీసీలో పుట్టాడు. తల్లిదండ్రులు నైజీరియా నుంచి వచ్చినవాళ్లు. గిటార్ ఎక్కువగా తనంతట తనే నేర్చుకున్నాడు. రిఫ్లక్స్ అనే మెటల్‌కోర్ బ్యాండులో వాయించేవాడు. అది చూసి ప్రాస్థటిక్ రికార్డ్స్ అనే కంపెనీ 'నీ పేరుతో ఒక సోలో ఆల్బమ్ చెయ్యి' అని అడిగింది. ఈయన మొదట ఒప్పుకోలేదు. సోలో అంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందని అనిపించిందట. తర్వాత అట్లాంటాలో ఒక సంగీత కళాశాలలో చేరి చదువుకున్నాడు. ఆ తర్వాతే సరేనన్నాడు. అలా 2009లో బ్యాండ్ పేరే పేరుగా మొదటి ఆల్బమ్ వచ్చింది.

ఆ ఆల్బమ్ చేసేనాటికి నిజానికి బ్యాండ్ లేదు. అబాసీ ఉన్నాడు, పెరిఫెరీ బ్యాండ్ గిటారిస్టు మిషా మన్సూర్ ఉన్నాడు. డ్రమ్మర్ లేడు. మన్సూరే కంప్యూటర్ ముందు కూర్చుని డ్రమ్స్ మొత్తం ప్రోగ్రామ్ చేశాడు. ఒక్కో దెబ్బా మౌస్‌తో పెట్టిందే. ఈ సంగతి మర్చిపోకండి, చివరిదాకా పనికొస్తుంది. వాళ్ల సంగీతంలో మొదటి డ్రమ్మర్ ఒక సాఫ్ట్‌వేర్.

దాని నుంచి ఒక నిమిషం వినిపిస్తాను. 'కాఫో' అనే ట్రాక్.

(ట్రాక్ వినిపించారు)

ఎలా ఉంది? ఉక్కిరిబిక్కిరి అయ్యారు కదా. నోట్లు ఎక్కువ, ఊపిరి తక్కువ. ఇది తిట్టు కాదు, ఈ ట్రాక్ అంటే నాకు చాలా ఇష్టం. గిటార్ వేగం, డ్రమ్ వేగం రెండూ గీత గీసినట్టు ఒకదానికొకటి అతుక్కుని పోతాయి. తేడా రాదు. వచ్చే అవకాశమే లేదు, ఎందుకంటే అటువైపు ఉన్నది మనిషి కాదు.

ఇప్పుడు గిటార్ గురించి రెండు ముక్కలు. మామూలు గిటార్‌కి ఆరు తీగలు. వీళ్లిద్దరివీ ఎనిమిది తీగల గిటార్లు. ఆరు తీగల గిటార్‌లో అన్నిటికన్నా కింది స్వరం 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఎనిమిదో తీగని అబాసీ చాలాసార్లు ఇంకొంచెం దించి 'ఈ' (E) అనే స్వరం దగ్గర పెడతాడు. అది 41 హెర్ట్జ్. అంటే నాలుగు తీగల బాస్ గిటార్‌లో అట్టడుగు తీగ ఎక్కడ పలుకుతుందో సరిగ్గా అక్కడ. తీగ అంత వదులుగా వేలాడకూడదు కాబట్టి గిటార్ కూడా పొడుగు చెయ్యాలి. ఐబనెజ్ కంపెనీ ఆయన పేరుతో చేసిన గిటార్‌లో తీగ మోగే పొడవు 27 అంగుళాలు. మామూలుగా అయితే 25న్నర.

తీగ పెంచడం మనకి కొత్తేం కాదు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ గారు చేసిందీ ఇదే. విదేశీ వాద్యం తీసుకుని, జంట తీగలు మానేసి, ఎలక్ట్రిక్ చేసి, కింది స్థాయి కోసం అయిదో తీగ పెట్టుకున్నారు. లేకపోతే మన రాగాలు ఆ వాద్యంలో పట్టవు. చేతిలో ఉన్న వాద్యం చాలకపోతే వాద్యాన్నే మార్చుకునే మనుషులు అన్ని చోట్లా ఉంటారు.

అబాసీ ఇంకో పని చేశాడు. బాస్ గిటార్ వాళ్లు బొటనవేలితో తీగని కొడతారు, స్లాప్ అంటారు. విక్టర్ వూటెన్ లాంటి వాళ్లు అదే బొటనవేలిని కిందికీ పైకీ రెండువైపులా వాడతారు. అబాసీ దాన్ని తీసుకొచ్చి ఎనిమిది తీగల గిటార్ మీద పెట్టాడు. 'థంపింగ్' అని పేరు పడింది. అప్పటినుంచి ఆయన గిటార్ సగం డ్రమ్ అయిపోయింది. తీగ మోగడం కన్నా తీగ మీద పడ్డ దెబ్బే ముందు వినిపిస్తుంది. మరి గిటార్ కూడా డ్రమ్ పని చేస్తుంటే, పక్కన ఉన్న అసలు డ్రమ్మర్ ఏం చెయ్యాలి? ఈ బ్యాండ్ కథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మొదటి ఆల్బమ్ తర్వాత టూర్ చెయ్యాలి కాబట్టి మనుషులు కావాల్సి వచ్చింది. హావియెర్ రెయెస్ రెండో గిటార్‌కి, నవీన్ కోపర్‌వైస్ డ్రమ్స్‌కి వచ్చారు. పేరు చూసి మనవాడనుకోకండి. (నవ్వులు) కోపర్‌వైస్ అంతకుముందు యానిమాసిటీ అనే చాలా భారీ మెటల్ బ్యాండులో వాయించినవాడు. ఎలక్ట్రానిక్ సంగీతం కూడా చేస్తాడు. ముగ్గురూ కలిసి 2011లో రెండో ఆల్బమ్ 'వెయిట్‌లెస్' చేశారు.

ఆ ఆల్బమ్‌లో డ్రమ్మర్ ఆ మొదటి సాఫ్ట్‌వేర్‌తో పోటీ పడుతున్నట్టు ఉంటుంది. గిటార్ కింది తీగ మీద ఎక్కడ దెబ్బ వేస్తే కిక్ డ్రమ్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్, సరిగ్గా అక్కడే పడుతుంది. కత్తిరించినట్టు ఉంటుంది. ఎలక్ట్రానిక్ చప్పుళ్లు మధ్యలో తొంగి చూస్తాయి. చల్లగా, నున్నగా, అందంగా ఉండే ఆల్బమ్. కొందరికి ఇప్పటికీ ఇదే అన్నిటికన్నా మంచిది. వాళ్లతో నేను వాదన పెట్టుకోను. 'యాన్ ఇన్ఫినిట్ రిగ్రెషన్' అనే మొదటి ట్రాక్ విన్నాక వాదించడం కష్టం కూడా.

2012లో కోపర్‌వైస్ వెళ్లిపోయాడు. తర్వాత ఎన్‌థియోస్ అనే సొంత బ్యాండ్ పెట్టుకుని బాగానే ఉన్నాడు. ఆ జాగాలోకి మాట్ గార్‌స్కా వచ్చాడు. మాసచూసెట్స్ కుర్రాడు, బోస్టన్‌లో బెర్క్లీ సంగీత కళాశాలలో చదువుకున్నాడు. ఫంక్, జాజ్, ఫ్యూజన్ అన్నీ చేతిలో ఉన్నవాడు. మెటల్ బ్యాండుకి మెటల్‌లోనే పెరిగిన డ్రమ్మర్‌ని వెతుక్కోవడం మామూలు. వీళ్లు అలా చెయ్యలేదు.

ఇక్కడ కాస్త తాళం వెయ్యాలి. మీలో చాలామందికి నాకన్నా బాగా వచ్చు. ఆదితాళం వెయ్యండి. చతురశ్ర గతి. అంటే ఒక్కో దెబ్బకి నాలుగు అక్షరాలు, ఆవర్తనానికి ముప్ఫై రెండు. చెయ్యి ఆపకుండా, నోటితో 'తకిట తకధిమి' అంటూ పోండి. ఏడు అక్షరాలు. నాలుగుసార్లు అంటే ఇరవై ఎనిమిది. ఆవర్తనం పూర్తవడానికి ఇంకో నాలుగు మిగిలింది. ఆపకుండా అలాగే పోతే మీ నోరూ మీ చెయ్యీ మళ్లీ సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ దగ్గర, కలిసేది ఏడు ఆవర్తనాల తర్వాత, ముప్ఫై రెండోసారి తకిట తకధిమి అయ్యాక. బాగుంది, కొందరు అప్పుడే దారి తప్పారు. (నవ్వులు)

మెటల్‌లో ఈ ఆటని పాలీమీటర్ అంటారు. దీన్ని వాళ్ల లోకంలో స్థిరపరిచింది స్వీడన్‌లోని ఉమియో ఊరికి చెందిన మెషుగా అనే బ్యాండ్. వాళ్ల పద్ధతి ఏంటంటే, డ్రమ్మర్ సింబల్ అనే ఇత్తడి పళ్లెం మీద నాలుగు లెక్క మామూలుగా కొడుతూ ఉంటాడు. గిటార్, కిక్ డ్రమ్ కలిసి ఏడో, తొమ్మిదో, పదకొండో పట్టుకుని దాని మీద జారుతూ పోతాయి. నాలుగో బార్ (వాళ్ల ఆవర్తనం) చివరో ఎనిమిదో బార్ చివరో వాక్యం సగంలో ఉన్నా సరే, టక్కున కోసేసి మళ్లీ మొదటికి వస్తారు. మన మృదంగం వాళ్లు ఆ మిగిలిన నాలుగు అక్షరాలని ముందే లెక్క కట్టి, ఎక్కడో ఒక చోట కార్వైగా, అంటే విరామంగా, పెట్టి, చివర్లో వాయించే ముక్తాయింపు పాట మొదలయ్యే ఎత్తుగడ మీదికి సరిగ్గా వచ్చి పడేట్టు చూస్తారు. మెషుగా వాళ్లు కోస్తారు. ఆ కోతలోనే వాళ్ల మజా. వీళ్లు మన దగ్గర నేర్చుకున్నారని నేను అనడం లేదు. లెక్క ఎవరి సొత్తూ కాదు. కానీ ఆదితాళం తెలిసిన చెవికి ఈ సంగీతం సగం దగ్గర చుట్టమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మెషుగా పద్ధతిలో కిక్ డ్రమ్ గిటార్‌కి నీడ. 'వెయిట్‌లెస్'లో కూడా ఎక్కువ భాగం అంతే. గార్‌స్కా వచ్చాక ఆ నీడ విడిపోయింది. గిటార్ ఏడు అంటుంటే కాసేపు దానితో ఉంటాడు, తర్వాత వదిలేసి నాలుగులోకి వస్తాడు, ఆ నాలుగుని కూడా స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్) దెబ్బ జరిపి ఎక్కడ మొదలో తెలియకుండా చేస్తాడు. పైగా చిన్న చిన్న దెబ్బలు ఉంటాయి. డ్రమ్మర్లు ఘోస్ట్ నోట్స్ అంటారు. స్నేర్ మీద పుల్ల అలా తగిలీ తగలనట్టు తగులుతుంది. పెద్ద దెబ్బకీ పెద్ద దెబ్బకీ మధ్య ఉన్న ఖాళీలో ఇవి గుసగుసలాడుతూ ఉంటాయి.

'ఫిజికల్ ఎడ్యుకేషన్' వినండి. గిటార్ మీద కన్నా రెండు దెబ్బల మధ్య ఏం జరుగుతోందో దాని మీద చెవి పెట్టండి.

(ట్రాక్ వినిపించారు)

కాలు ఆడింది కదా? అక్కడ కూర్చున్న వాళ్లు తల ఊపడం నేను చూశాను. మొదటి ఆల్బమ్‌కి మీరు అలా ఊపలేదు, బిగుసుకుని కూర్చున్నారు. వేగం తగ్గింది. థంపింగ్ చేసే గిటార్‌కి డ్రమ్మర్ పోటీకి రావడం లేదు, జాగా ఇస్తున్నాడు. జాగా దొరికింది కాబట్టే అబాసీ తక్కువ నోట్లు రాయగలిగాడు. ఎక్కువ రాయడం ఆయనకి ఎప్పుడూ కష్టం కాలేదు. తక్కువ రాయాలంటే మాత్రం ఆ ఖాళీని నిలబెట్టే మనిషి పక్కన ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఖాళీని నిలబెట్టలేదు. అక్కడ ఖాళీ అంటే ఉత్త ఖాళీయే.

ఆల్బమ్ పన్నెండు ట్రాక్‌లు. అన్నిటి గురించీ చెప్పను. 'కస్కేడ్'తో మొదలవుతుంది, పాత అభిమానులకి భయం లేదని చెప్పడానికి పెట్టినట్టు ఉంటుంది. 'టూత్ అండ్ క్లా' కూడా ఆ కోవలోదే. 'అనదర్ ఇయర్' దగ్గర మొదటిసారి తలుపు తెరుచుకుంటుంది. డిస్టార్షన్ అనే ఆ గరుకు గిటార్ ధ్వనిని పక్కన పెట్టి, మెత్తని గిటార్‌తో, జాజ్ వాసనతో నడిచే ముక్క. మెటల్ ఆల్బమ్‌లో ఇదేంటని కొందరు విసుక్కున్నారు. 'పారా మెషెర్'లో నైలాన్ తీగల గిటార్, లాటిన్ నడక. పేరు పోర్చుగీసు. రెయెస్‌కి ఆ సంగీతం మీద మొదటినుంచీ ప్రేమ ఉంది. మెస్టీస్ అనే పేరుతో విడిగా ఒక ప్రాజెక్టే పెట్టుకున్నాడు. ఈ ముక్కలో డ్రమ్స్ భారీ మెటల్ చేతితో వాయిస్తే పాట చచ్చిపోయేది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 'ది వోవెన్ వెబ్'. పేరుకి తగ్గట్టే నేతపనిలా ఉంటుంది. థంపింగ్‌తో మొదలవుతుంది. ఆ మొదటి కొన్ని క్షణాలు గిటారా, డ్రమ్మా అని సందేహం వస్తుంది. ఆ తర్వాత నిజం డ్రమ్స్ వచ్చి పడగానే, అంతవరకూ మనం లెక్క పెట్టుకున్న సమం తప్పని తెలుస్తుంది. నేను ఎన్నిసార్లు విన్నా అక్కడ కాలు తప్పు చోటే పడుతుంది. (నవ్వులు)

ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ఆల్బమ్ మధ్యలో కొంచెం కూర్చుండిపోతుంది. 'ది ఫ్యూచర్ దట్ అవెయిటెడ్ మీ' దగ్గర నా మనసు అటూ ఇటూ పోతుంది. ఇంకొకటి, రికార్డింగ్ మరీ శుభ్రంగా ఉంది. ఈ రకం మెటల్‌లో ఒక అలవాటు ఉంది. డ్రమ్మర్ కొట్టిన దెబ్బ మీద స్టూడియోలో ముందే దాచుకున్న ఇంకో మంచి దెబ్బ అతికిస్తారు. ప్రతి కిక్కూ ఒకే బరువుతో వినిపించాలని. గొడవగా మోగే రెండు గిటార్ల మధ్య కిక్ డ్రమ్ వినిపించాలంటే అది అవసరమే, కాదనను. కానీ దాని ఖరీదు చిన్న దెబ్బలు కడతాయి. మెత్తగా కొట్టిందీ గట్టిగా కొట్టిందీ దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. అదే గార్‌స్కా స్టేజీ మీద వాయించిన వీడియోలు చూడండి. ఒకే చేతిలో అయిదారు రకాల బరువు కనిపిస్తుంది. ఆల్బమ్‌లో అందులో కొంత నున్నబడిపోయింది. అంత మంచి చెయ్యి దొరికినప్పుడు ఇంకొంచెం గరుకుగా వదిలెయ్యాల్సింది.

అమ్మకాల సంగతి ఒక్క మాటలో చెప్తాను. అమెరికా బిల్‌బోర్డ్ 200 జాబితాలో ఈ ఆల్బమ్ 23వ స్థానంలో దిగింది. రేడియోలో వెయ్యడానికి ఒక్క పాడే గొంతు కూడా లేని ఆల్బమ్ అక్కడికి రావడం చిన్న సంగతి కాదు.

సభ్యుల మార్పు అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని అనుకోకూడదు. షికాగో బ్యాండ్ రష్యన్ సర్కిల్స్‌లో బాస్ మారింది. బ్రయన్ కుక్ వచ్చి 2008లో 'స్టేషన్' ఆల్బమ్‌లో వాయించాడు, ఇప్పటికీ ఆయనే. అక్కడ మార్పు బరువులో వినిపిస్తుంది, లెక్కలో కాదు. హ్యూస్టన్ బ్యాండ్ స్కేల్ ది సమ్మిట్ కథ వేరు. అందరూ విడిపోయి, గిటారిస్టు క్రిస్ లెచ్‌ఫర్డ్ ఒక్కడే మిగిలాడు. కిలియన్ డువార్టే బాస్, చార్లీ ఎంజెన్ డ్రమ్స్‌తో 2017లో 'ఇన్ ఎ వరల్డ్ ఆఫ్ ఫియర్' చేశాడు. అతిథి గిటారిస్టులని పిలిచాడు. చక్కగా వాయించిన ఆల్బమ్. అయినా వింటుంటే ఒకాయన రాసుకున్న కాగితాన్ని మంచి వాద్యగాళ్లు చదివినట్టు ఉంటుంది నాకు. రాతలోకే వెళ్లడం వేరు, రాసింది చదవడం వేరు. గార్‌స్కా రాతలోకి వెళ్లాడు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: ఇంతకీ వీళ్లు బాస్ వాయించేవాళ్లని ఎందుకు పెట్టుకోలేదు?)

ఇందాక చెప్పిన 41 హెర్ట్జ్ గుర్తుందా? ఎనిమిదో తీగ అక్కడిదాకా దిగుతుంది. స్టేజీ మీద ముగ్గురే కనిపిస్తారు. ఇంకో బాస్ వస్తే అడుగున రద్దీ ఎక్కువై థంపింగ్ స్పష్టంగా వినిపించదు. పైగా ముగ్గురే ఉంటే ఎవరు తప్పినా దాక్కోవడానికి చోటు ఉండదు. వీళ్లకి అదే కావాలేమో.

(ప్రశ్న: మార్పు డ్రమ్మర్ వల్లే వచ్చిందని ఎలా చెప్తారండీ? ఈ ఆల్బమ్‌లో ప్రొడ్యూసర్లు కూడా వేరే కదా?)

మంచి పాయింట్ పట్టుకున్నారు. నిజమే. మూడో ఆల్బమ్‌కి మన్సూర్ మళ్లీ వచ్చాడు. పెరిఫెరీలోనే వాయించిన నోలీ గెట్‌గుడ్ కూడా నిర్మాణంలో ఉన్నాడు. ఆ ధ్వని నునుపులో వాళ్ల చెయ్యి ఉంది. కాబట్టి ఈ ఒక్క ఆల్బమ్‌ని చూసి తేల్చెయ్యడం కుదరదు. తర్వాతవి చూడాలి. 2016లో వచ్చిన 'ది మ్యాడ్‌నెస్ ఆఫ్ మెనీ'ని ముగ్గురూ కలిసి తామే ప్రొడ్యూస్ చేసుకున్నారు. బయటివాళ్లు లేరు. అందులో ధ్వని పొడిగా, బిగుతుగా మారింది. ఆ నునుపు పోయింది. కానీ గిటార్, డ్రమ్స్ విడివిడిగా నడిచి మళ్లీ కలిసే పద్ధతి పోలేదు సరికదా, ఇంకా ముదిరింది. 2022లో 'పరేసియా' వచ్చింది, తొమ్మిది ట్రాక్‌లు, నలభై నిమిషాలు కూడా లేదు. దానిలోనూ అంతే. 'మోనోమిత్' ఒక్కటి విన్నా తెలుస్తుంది. ధ్వని ఆల్బమ్ ఆల్బమ్‌కీ మారుతూ వచ్చింది, ఈ పద్ధతి మాత్రం 2014 నుంచి ఉండిపోయింది. 2014 తర్వాత మారకుండా ఉన్నది ఆ ముగ్గురు మనుషులు. అందులో 2011లో లేనివాడు ఒక్కడే.